మా తమ్ముని బండి

2023వ సంవత్సరపు కార్తికమాసములో నొకనాడు తెల్లవారుజామున దీపము పెట్టుటకై లేచి వంటయింటిలోనికి బోవుసరికి మా అబ్బాయి యక్కడ నిలువబడి యుండెను. పొయ్యిప్రక్క గ్రానైటు బండమీది డబ్బాల నన్నిటిని ఒకమూలకు జరిపి, దానిపై నొక అల్యూమినియపు వస్తువును బోర్లించి, దాని యంచుక్రింద సన్నని కాగితపుముక్కను దూర్చి లాగుచుండెను. రెండు దళసరి పలకలు, వానిని గలుపుచు వంకరలు తిరిగిన గొట్టములు. చూచుటకు కాయలు కోసిన అరటిగెలవలె నుండెను. కాగితము కొనలయొద్ద పట్టుకొనుచు, నడుమ మాత్రము సులువుగా జారుచుండెను.

"ఏమిటిరా ఇది? దీపం పెట్టుకునే వేళ వంటింట్లో ఈ సామానేమిటి?" అంటిని.

"ఇంట్లో ఇంతకన్నా చదునైన చోటు లేదమ్మా. వెల్డింగు వేడికి పలక వంగింది. ఎంత వంగిందో చూస్తున్నాను."

"ఎవరి వస్తువు?"

వాడు కాగితమును మడచుచు, "మామయ్యది" అనెను.

నా చేతిలోని అగ్గిపెట్టె యట్లే యుండిపోయెను. మూడున్నర సంవత్సరములనుండి ఆ మాట మా యింట నెవరును పలుకుట లేదు. పలుకవలదని శాసించినదానను నేనే.

ఈ సంగతి చెప్పవలెనన్న మా తండ్రిగారితో మొదలుపెట్టవలెను. ఆయన ఆర్టీసీలో, ముషీరాబాదు డిపోయందు మెకానికు. నిజాము ప్రభుత్వమువారు 1932లో 27 బస్సులతో నారంభించిన రోడ్డు రవాణాశాఖయే పిమ్మట ఆర్టీసీ యైనదని ఆయన చెప్పెడివారు. ఆ యిరువదియేడు బస్సులను తామే స్వయముగా బాగుచేసినట్లుండెడి దా గర్వము. స్క్రూడ్రైవరు మొనను ఇంజనుపై నానించి, పిడిని చెవికి జేర్చి, లోపలి జబ్బును కనిపెట్టెడివారు. మా తమ్ముడు ఆరేండ్లనాడే ఆ విద్య పట్టుకొనెను. నాకు నేర్పలేదు. ఆడపిల్ల కెందు కనిరి. ఆ చిన్నకోపము కూడ తరువాతి పెద్దకోపములో గొంత గలిసియుండునేమో, నే నెఱుగను.

తమ్ముడు కంప్యూటరువిద్య చదివి 2001లో అమెరికా వెళ్లి, టెక్సాసు రాష్ట్రమున డాలసు నగరమున కుత్తరముగా నున్న ప్లేనోలో స్థిరపడెను. తండ్రిగారు పోయిన పిమ్మట అమ్మ కొండాపురములో నాయొద్దనే యుండెను. 2019 చివర నామెకు గుండె బలహీనమయ్యెను. "సంక్రాంతికి వాణ్ణి రమ్మనవే" అని నన్ను పదే పదే యడుగుచుండెను. సెలవు లేదని వాడు చెప్పెను. పండుగనాడు వాడు రాలేదు గాని, వాడు క్రొత్తగా గొనిన పాతకారు ఫొటో మాత్రము వచ్చెను. 1985వ సంవత్సరపు మజ్దా ఆర్‌ఎక్స్-7, ఎఱ్ఱనిది. దాని దీపములు పగటివేళ ఱెప్పలు మూసికొని యుండును. అమ్మ ఆ ఫొటోను చాలసేపు చూచి యొక మాట యనెను. ఆ మాటను తరువాత జెప్పెదను.

2020 మార్చి చివర విమానము లన్నియు నిలిచిపోయెను. మే నెలలో అమ్మ పోయెను. తమ్ముడు ఫోనులోనే తల్లిని చూచెను. కొఱివి మా అబ్బాయి పెట్టెను. విమానములు లేకపోవుట వాని తప్పు గాదని నాకు దెలియును. జనవరిలో నుండినవి గదా యన్నదే నా మంట. పదవనాటి రాత్రి వాడు ఫోను చేసి యేడ్చుచుండగా, "ఆ కారే నీకు అమ్మ అనుకో. ఇంక నాతో మాట్లాడకు" అంటిని. వాడు మాటాడలేదు. నాకన్న చిన్నవాడైనను నా మాట జవదాటు వాడు కాడు, ఆ విషయములో గూడ జవదాటలేదు.

ఇక మా అబ్బాయి. మెకానికల్ ఇంజనీరింగు చదివి 2022లో హైటెక్ సిటీలో నొక ఆఫీసున జేరెను. యంత్రభాగములను కంప్యూటరుతెరమీద గీయుట వాని పని. ఈ ప్రాంతపు గడియారము మనది గాదని యిచ్చట కాపురము చేయువారి కందఱకు దెలిసినదే. 1998 నవంబరులో వాజపేయిగారు గుండ్రని సైబరు టవర్సును ప్రారంభించినపుడు మాదాపురము చుట్టును బండలును తుప్పలును మాత్రమే యుండెను. ఇప్పు డర్ధరాత్రివేళ రాయదుర్గము రోడ్డుమీద టీ దొరకును, ఏలయన నప్పుడు అమెరికావారి పగలు. కొడుకు మధ్యాహ్నము రెండింటికి బయలుదేరును, రాత్రి పదునొకండున్నరకు వచ్చును, అన్నము వేడిచేసి పెట్టుటకు తల్లి మేలుకొని యుండును. ఇట్టి తల్లులు మా అపార్టుమెంటులోనే పదిమంది గలరు. వాడు భోజనము చేసి గదిలోనికి బోయి యింగ్లీషులో మాటాడుచుండగా ఆఫీసుపని యనుకొంటిని. అది మామయ్యతో మాటాడుట. ఏడాదికి పైగా సాగెనట.

ఆ యుదయము వాడు నిజము చెప్పెను, నేను పోట్లాడితిని, వాడు వినెను. చివరకు, "సరే, ఆ వంకరసామాను దేనికిరా?" అని యడిగితిని. అడుగకుండవలసినది. అడిగినదానికి గంటన్నర చెప్పెను.

మామూలు కారు ఇంజనులో పిస్టను రోకలివలె మీదికి క్రిందికి దంచును. ఆర్‌ఎక్స్-7లో రోకలి లేదు, తిరుగలి యున్నది. ఉబ్బిన యంచులుగల ముక్కోణపు బిళ్ల యొకటి, నడుము కొంచెము నొక్కిన కోడిగ్రుడ్డువంటి గదిలో ప్రక్కకు దొర్లుచు దిరుగును. బిళ్ల యొకచుట్టు తిరుగునంతలో నడిమి యిరుసు మూడుచుట్లు తిరుగును. మా తమ్ముని బండిలోని 12ఏ యను ఇంజనులో నట్టి బిళ్లలు రెండు. రెండుగదులును గలిసి 1146 ఘనపు సెంటీమీటర్లు. మన చిన్నకార్ల ఇంజనంతయే, కాని ఏడువేల చుట్లవఱకు వెఱవక తిరుగును, ఆ పైని బోకుండ నొక బజరు మోగి హెచ్చరించును. దీనిని గనిపెట్టిన జర్మనుడు ఫెలిక్స్ వాంకెలు. దృష్టి మిక్కిలి తక్కువ యగుటచే నాయనకు డ్రైవింగు లైసెన్సు లేదట. నాకును లేదు. ఆ మాట విన్నపుడే యీ యింజనుమీద నాకు మొదటిసారి కొంచెము దయ కలిగెను.

జపానులో హిరోషిమాయందలి మజ్దావారు ఈ యింజనును దీసికొన్నపుడు గది గోడలమీద పళ్లచక్రముతో గీచినట్లు గీతలు పడుచుండెడివట. బిళ్ల మూడు కొనలయందును సందు మూయు ముద్రలు అదరుటచే బడునవి. వానికి దయ్యపుగోళ్ల గీతలని పేరుపెట్టిరి. కెనిచి యమమొటో యను ఇంజనీరు మఱి నలువదియాఱుగురితో గూడి ఆ గోళ్లను వదలించి, 1967లో కాస్మో యను కారును అమ్మకమునకు దెచ్చెను. ఈ కథను మా అబ్బాయి తన తాతగారి కథవలె జెప్పెను. తాతగారుండినయెడల తప్పక విని యుందురు.

సామాను సంగతి యేమనగా, అది గాలిగొట్టము. వారి భాషలో ఇన్‌టేక్ మానిఫోల్డు. గాలియు పెట్రోలును గలిసిన యావిరి కార్బురేటరునుండి గదులలోనికి బోవు దారి. తిరుగలి యింజనులో తలుపు లుండవు. గది ప్రక్కగోడలోని రంధ్రమును బిళ్లయే తిరుగుచు మూయును, తెఱచును. కంపెనీవా రిచ్చిన గొట్టములో నొక్కొక్క గదికి రెండుదారులు గలవు. మెల్లగా బోవునపుడు సన్నదారి చాలును, కాలు గట్టిగా నొక్కినపుడు రెండవ దారి కూడ తెఱచుకొనును. మనము చిన్నపొయ్యి వెలిగించి, అవసరమైనపుడే పెద్దపొయ్యి వెలిగించినట్లు. దానిని దీసివేసి, గది కొక వెడల్పైన నోరుగల వెబరు కార్బురేటరును బిగించి, ఆ నోటినే రెండురంధ్రములకు బంచి యిచ్చు పొట్టిగొట్టమును పెట్టవలెనని మామయ్య కోరిక. పెద్దవేగమున నింజను నిండుగా నూపిరి పీల్చుకొనును.

"పొట్టిదే ఎందుకు?" అంటిని.

"నువ్వు చెప్పు. ఊదుగొట్టం పొడుగ్గా ఉంటే ఎలా ఉంటుంది, పొట్టిగా ఉంటే ఎలా ఉంటుంది?"

మా అమ్మమ్మ యింట కట్టెలపొయ్యి యూదినదానను గనుక నాకు సులువుగా దెలిసెను. కాని సంగతి యింకను లోతైనది. గొట్టములో గాలి వేగముగా బోవుచుండగా రంధ్రము మూసికొన్నచో, ఆ గాలి గోడకు దగిలిన యలవలె వెనుకకు గొట్టును. ఆ చివరనుండి మరల ముందునకు వచ్చును. అది వచ్చువేళకు రంధ్రము తెఱచియున్న, బలవంతము లేకయే మఱికొంత గాలి లోనికి దూరును. పొడుగుగొట్టమైన అల యాలస్యముగా వచ్చును, తక్కువ వేగమున కది సరిపడును. పొట్టిగొట్టమైన త్వరగా వచ్చును, ఎక్కువ వేగమునకు సరిపడును. రెండును గావలెనన్న గొట్టమే సాగుచు ముడుచుకొనుచు నుండవలెను. అట్లు చేసినవారును గలరు. 1991 జూనులో ఫ్రాన్సుదేశమున లె మాన్ యను ఇరువదినాలుగు గంటల పందెమును గెలిచిన మజ్దా 787బి కారులో నాలుగు బిళ్లల ఇంజను. వేగమునుబట్టి దాని గాలిగొట్టములు పొడుగగుచు పొట్టియగుచు నుండెడివి. చివరివంతు నడపిన జానీ హర్బర్టు, దిగిన వెంటనే నీరసించి పడిపోయినందున బహుమానపు మెట్టెక్కలేకపోయెను. వాని తల్లి చూచుచుండెనో లేదో యని నా కప్పుడు తోచెను.

మా అబ్బాయి యింత పని మా యింటినుండియే యెట్లు చేసెనో వినినచో పాఠకురాండ్రకు వింతగా నుండును. మామయ్య గాస్కెట్టును కాగితముపై బెట్టి, ప్రక్కన స్కేలుంచి, నకలు తీసి పంపెను. దానినిబట్టి వీడు తెరపై గొట్టమును గీచెను. 2023 మార్చిలో రాయదుర్గమున దెఱచిన టీ-వర్క్స్ అను ప్రభుత్వపు నమూనాశాలలో, దారమువంటి ప్లాస్టికును కరగించి పొరపై పొర పేర్చు యంత్రముచే నొక నమూనా చేయించి కొరియరులో బంపెను. అక్కడ దానిని బండిలో నుంచి చూడగా కార్బురేటరు బండిప్రక్కలోని యినుపగోడకు రెండంగుళములు అడ్డుపడెను. గొట్టములను పైకి వంచి మరల గీచెను. ప్లాస్టికుదే యుంచరాదా యని నే నడిగితిని. రాదట. ఈ యింజనులో పొగ వెలుపలికి వచ్చు దారియు గాలి లోనికి బోవు దారియు నొకే ప్రక్కను, ఒకదానిమీద నొకటి యుండును. పొయ్యిమీద లక్కపిడత పెట్టినట్లగును.

అల్యూమినియపుది నగరములో నొక చిన్న వర్క్‌షాపున జేయించెను. వారు పలకను బిగించకయే యతుకు వేసిరి; వేడికి నది విల్లువలె వంగెను. ఇంజనుకు బిగించు పలక వంగిన సందులో దొంగగాలి దూరును, ఇంజను నిలుకడగా తిరుగదు. అదియే నేను తెల్లవారుజామున జూచిన కాగితపు పరీక్ష. మా వంటయింటి బండ యంత్రశాలలో గొలబండగా బనికివచ్చెనని వాడు సంతోషించెను. కార్ఖానాలలో గూడ చదును చూచుటకు గ్రానైటుబండలనే వాడుదురట. వేఱొకచోట దళసరి ఇనుపపలకకు బిగించి మరల నతికించి, పిమ్మట మొగము గోయించెను. ఈసారి కాగితము నాలుగుమూలల నడుమను గూడ గదలలేదు. ఆ లాగినదానను నేనే. అప్పటికి నేను కాగితము లాగుదాన నైతిని.

డబ్బెంతయైనదో వాడు చెప్పలేదు, నేను బిల్లులు చూచితిని. ఆ సొమ్ముతో గాజులజత వచ్చి యుండును. పోనీ.

"నీ కారుకు కూడా ఇలాంటిది పెట్టుకుంటావా?" అని భయముతో నడిగితిని, మా యింటి ముందున్న రోడ్లమీద పొగగొట్టములు విప్పుకొని యర్ధరాత్రి యఱచుచు బోవు కుఱ్ఱవాండ్రను దినదినము వినుచున్నదానను గదా. అది కుదరదనెను. 1988 మోటారువాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, కంపెనీవారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీముకోర్టువారును దానిని గట్టిగా జెప్పిరి. టెక్సాసులో నన్ననో, ఇరువదినాలుగేండ్లు దాటిన బండ్లకు పొగపరీక్షయే లేదు. చట్టము మనదే మంచిదని నాకు దోచెను. ఆ మాట పైకి జెప్పలేదు.

మిగిలినది దానిని పంపుట. బరువు నాలుగుకిలోలు. "కొరియరులో పంపితే దెబ్బ తగులుతుందేమో" అని వాడు గోడవంక జూచుచు ననెను. మామగా రొకసారియు, మా వారొకసారియు, ప్లేనోలో నాకు మఱదలును మేనకోడలును గలరని జ్ఞాపకము చేసిరి. అందఱు గలిసి పన్నిన పన్నుగడ యని తెలిసియు, 2024 మార్చిలో బయలుదేరితిని. పాతచీరలో గొట్టమును జుట్టి, గోంగూర, ఆవకాయ డబ్బాల నడుమ నిమిడ్చితిని. డాలసు విమానాశ్రయమున నధికారి పెట్టె విప్పించి, ముందు ఆవకాయను, పిమ్మట గొట్టమును జూచి, దీని పేరేమనెను. "ఇన్‌టేక్ మానిఫోల్డు, రోటరీ ఇంజనుది" అంటిని. ఆయన నన్ను నఖశిఖపర్యంతము చూచి పెట్టె మూసెను.

తమ్ముడు విమానాశ్రయమునకు వచ్చెను. జుట్టు నెఱసినది. "అక్కా" అని మఱియొక మాట లేక పెట్టె దీసికొనెను. మూడుదినములు మేము బియ్యము ధరలు, ఎండలు మాటాడుకొంటిమి. నాలుగవదినము శనివారము. గారేజిలో బానెట్టు తెఱచి వాడు పాతగొట్టమును విప్పెను. మా అబ్బాయి హైదరాబాదులో నర్ధరాత్రి మేలుకొని ఫోనుతెరమీదనుండి చెప్పుచుండెను. నేను ముక్కాలిపీటపై గూర్చుండి బోల్టులను వరుసగా నందించితిని. వెలుపలి బోల్టులను ముందు బిగింపబోగా, "నడిమివి ముందు, తరువాత చివరివి. అప్పడాల పీట మీద పిండి నొక్కినట్టు" అని నేనే చెప్పితిని, కొన్నినెలలుగా వినుచున్నదానను గదా. వాడు తల యెత్తి నవ్వెను. బోల్టు బిగించునపుడు నాలుక కొనను పండ్ల నడుమ పెట్టుకొనుట చూచితిని. తండ్రిగా రట్లే చేసెడివారు.

అప్పు డా మాట చెప్పితిని. 2020 సంక్రాంతినాడు ఈ బండి ఫొటోను, దానిప్రక్కన మసిచేతులతో నిలిచిన వీనిని చూచి అమ్మ యేమన్నదనగా: "వీడికి మీ నాన్న చేతులే వచ్చాయే. పోనీలే, ఆయన అక్కడ ఉన్నాడు." రాలేదని యొక్కమాట యనలేదు. ఈ మాట వానికి జెప్పుమని గూడ నన్ను గోరెను. నేను చెప్పలేదు. నాలుగేండ్లు దాచితిని. వాడు రానందు కది శిక్ష యని మొదట ననుకొంటిని. పిమ్మట, చెప్పినచో నా కోపమున కాధార మేమి మిగులునని భయపడితిని.

వాడు స్పానరును క్రింద బెట్టలేదు. చాలసేపు దానిని గుడ్డతో దుడుచుచు నిలువబడెను. ఫోనులో మా అబ్బాయి, "మామయ్యా, వినపడుతోందా?" అని పిలుచుచుండెను.

సాయంకాలమునకు ఇంజను వెలిగెను. మొదట తడబడెను, కార్బురేటరు సవరింపగా నిలుకడ పొందెను. తమ్ముడు పొడుగుపాటి స్క్రూడ్రైవరును దెచ్చి మొనను ఇంజనుపై నానించి, పిడిని నా చెవికి జేర్చెను. రోకలిపోటు లేదు; తిరుగలివంటి సన్నని గురగుర.

గొట్టము జయమా యన్నచో సగమే జయము. నాలుగువేల అయిదువందల చుట్లు దాటిన తరువాత బండి పులివలె లేచును. బజరు మోగువఱకు ఆగదు. కాని యంతకు లోపల, ప్లేనో వీధులలో దీపము దీపమునకు నాగి పోవునపుడు, అలిగిన కోడలివలె కదలదు. పెట్రోలు మాత్రము మునుపటికన్న నెక్కువ త్రాగును. సన్నదారి తీసివేసిన ఫలము. కూరగాయలకు బోయి వచ్చునప్పటికి నా మెడ నొచ్చెను. ఈ సంగతి నేనే మా అబ్బాయికి ఫోనులో మొగమోటము లేక చెప్పితిని. వాడు నొచ్చుకొనక, గొట్టమును పొడిగించి, లోపలి దారిని సన్నగించి రెండవది గీయుట మొదలిడెను. అదియు నేనే మోయవలెనని తల్లీకొడుకుల మధ్య మాట రాగా, ఈసారి నా వల్ల గాదు, కావలసినవాడు వచ్చి తీసికొని పోవలెనని చెప్పి పంపితిని.

2025 వైశాఖమున అమ్మ ఆబ్దికమునకు తమ్ముడు వచ్చెను. ఆనాడు ఉదయము గారెలపిండి గిన్నె పట్టుకొని వంటయింటిలోనికి బోవుసరికి, మేనమామ మేనల్లు ళ్లిరువురును డబ్బాలు జరిపి, గ్రానైటుబండమీద క్రొత్తగొట్టమును బోర్లించి, కాగితము దూర్చి లాగుచుండిరి.

"జరగండి, బండ కావాలి" అంటిని.

"ఒక్క నిమిషం అక్కా, ఈ మూల కూడా చూసేస్తాను" అని తమ్ముడు తల యెత్తకయే యనెను.